“తాత్కాలికం” అనే మాటకి ప్రాణం పోసిన మేరీ టీల్బీ

రోడ్డు మీద దెబ్బ తగిలిన కుక్కపిల్లని ఎవరో కాపాడతారు. షెల్టర్‌లో చోటుండదు. దత్తత తీసుకునేవాళ్ళు ఇంకా దొరకరు. ఈలోపు కొన్ని వారాలు దాన్ని ఇంట్లో పెట్టుకుని, పాలు పట్టి, మందులేసి, కొత్తవాళ్ళు రాగానే అప్పగించే వాలంటీర్లని ఇప్పుడు మనం ఫోస్టర్లు అంటున్నాం. ఈ పేరు మనకి కొత్తదేమో గానీ పని పాతదే. నూట అరవై ఏళ్ళ కిందటే లండన్‌లో ఒకావిడ తన వంటింట్లో ఈ పని మొదలుపెట్టింది. ఆవిడే మేరీ టీల్బీ.

మేరీ 1801లో ఇంగ్లండులోని హంటింగ్డన్‌లో పుట్టింది. హల్ పట్టణానికి చెందిన కలప వ్యాపారి రాబర్ట్ టీల్బీని పెళ్ళి చేసుకుంది. ఆ కాపురం నిలవలేదు. భర్త నుంచి విడిపోయి లండన్ వచ్చి, మతాచార్యుడైన సోదరుడు ఎడ్వర్డ్ బేట్స్ దగ్గర ఉండిపోయింది. 1860 నాటికి ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. కొత్త పనులు మొదలుపెట్టే వయసు కాదని చుట్టుపక్కలవాళ్ళు అనుకునే వయసన్నమాట.

ఆ ఏడు ఆమె స్నేహితురాలు సారా మేజర్‌కి వీధిలో ఆకలితో పడి ఉన్న కుక్క ఒకటి కనిపించింది. ఇద్దరూ కలిసి దాన్ని మేరీ వంటింట్లో ఉంచి సేవ చేశారు. అది బతకలేదు. ఎవరైనా అయితే అక్కడితో ఊరుకునేవారు. మేరీ ఊరుకోలేదు. అలాంటివి లండన్ వీధుల్లో ఇంకా ఎన్ని ఉన్నాయో ఆమెకి తెలుసు. ఒకదాని తర్వాత ఒకటి తెచ్చుకుంటూ పోతే, గిన్నెలు తోముకునే గది కాస్తా కుక్కలతో నిండిపోయింది.

ఇందులో ప్రమాదం లేదనుకోకండి. పాశ్చర్ రేబిస్ టీకా వచ్చింది 1885లో. అంటే అప్పటికింకా పాతికేళ్ళుంది. పిచ్చికుక్క కరిచి ఆ జబ్బు వస్తే చావే. వీధికుక్కంటే జనం హడలిపోయే రోజుల్లో ఆవిడ వాటిని ఇంట్లోకి తెచ్చింది.

ఇల్లు చాలక హాలోవేలోని హాలింగ్స్‌వర్త్ వీధిలో గుర్రపుశాలలు తీసుకున్నారు. తప్పిపోయిన, తిండిలేని కుక్కల తాత్కాలిక ఆశ్రయం అని పేరు పెట్టారు. 1860 నవంబరు 27న కమిటీ మొదటి సమావేశం జరిగింది. ఆ పేరులో తాత్కాలికం అన్న మాట చూడండి. కుక్కల్ని జీవితాంతం పోగేసుకోవడం ఆమె ఉద్దేశం కాదు. యజమాని వస్తే అప్పగించాలి, రాకపోతే కొత్త ఇల్లు వెతకాలి. ఆ మధ్యకాలం బతికించడమే తన పని.

లోకం నవ్వింది. మనుషులే ఆకలితో అల్లాడుతుంటే కుక్కలకి ఆశ్రయమా అని ‘టైమ్స్’ పత్రిక వెక్కిరించింది. మొరుగుళ్ళు భరించలేక ఇరుగుపొరుగు గొడవ చేశారు. డబ్బుకి ఎప్పుడూ కటకటే. 1862లో చార్లెస్ డికెన్స్ నడిపే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఖరీదైన కుక్కల ప్రదర్శనని, ఈ దిక్కులేని కుక్కల ఆశ్రయాన్ని పక్కపక్కన పెట్టి చూపించింది ఆ వ్యాసం. జనం మనసు కొంత మెత్తబడింది.

కానీ మేరీకి క్యాన్సర్ వచ్చింది. 1865 అక్టోబరు 3న బిగిల్స్‌వేడ్‌లో కన్నుమూసింది. ఆశ్రయం మొదలై అప్పటికి ఐదేళ్ళే. అది నిలబడుతుందో లేదో చూసుకోకుండానే పోయింది.

నిలబడింది. 1871లో బాటర్‌సీకి మారింది. 1883 నుంచి పిల్లుల్నీ చేర్చుకుంది. 1885లో విక్టోరియా రాణి పోషకురాలైంది. ఇప్పటివరకూ ముప్ఫై లక్షలకు పైగా కుక్కల్ని, పిల్లుల్ని ఆదుకున్నామని ఆ సంస్థ చెబుతుంది.

ఫ్రెండ్స్, జీవితాంతం పెంచలేం కాబట్టి మనవల్ల ఏమీ కాదు అనుకుంటాం. హాస్టల్లో అయితే నిజంగానే కుదరదు. కానీ ఇంటి నుంచి కాలేజీకి వచ్చేవాళ్ళు, అమ్మానాన్నల్ని ఒప్పించి, డాక్టరుకి చూపించి, టీకాలు వేయించి, ఒక పిల్లకి నెల్రోజులు చోటివ్వొచ్చు. అప్పగించే రోజు ఏడుపొస్తుంది, రానివ్వండి. అది మీ దగ్గర్నుంచి వెళ్ళిపోయిందంటే మీ పని పూర్తయినట్టే. ఆ ఖాళీ అయిన మూల ఇంకోదానికి పనికొస్తుంది.