కరెంటును పంచిన ఎడిసన్

బల్బును ఎవరు కనిపెట్టారని అడిగితే మూడో తరగతి పిల్లవాడు కూడా థామస్ ఆల్వా ఎడిసన్ అని టక్కున చెబుతాడు. ఆ జవాబుకు ఒక మార్కు వస్తుంది, అక్కడితో ఎడిసన్ అయిపోతాడు. నిజానికి బల్బు కోసం ఇంగ్లండులో స్వాన్ వంటివారు కూడా ఏళ్ల తరబడి పాటుపడ్డారు. ఒక్క చోట పుట్టిన కరెంటును వందల చోట్లకు కొమ్మలుగా చీల్చి పంచడమే ఎడిసన్ చేసిన అసలు పెద్ద పని అని మా అభిప్రాయం. శ్రీరాంపూర్ బొగ్గుబాయిల మధ్య పెరిగిన మనకు ఈ సంగతి బల్బు కంటే దగ్గరిది. అందుకే ఆ మహనీయుని జీవితాన్ని ఆ వైపు నుంచి రాస్తున్నాం.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, మిలాన్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. బడికి వెళ్లింది కొద్ది నెలలే. తల్లి నాన్సీ పూర్వం ఉపాధ్యాయురాలు కావడంతో ఇంట్లోనే చదువు చెప్పింది. మనలో చాలామంది అమ్మలకు సంతకం కూడా రాదు, మా అమ్మకూ రాదు. కాబట్టి ఆయన్ను మరీ దిక్కులేనివాడిగా చూపించే కథలను మేము నమ్మం. అయితే కష్టం మాత్రం నిజమే. పన్నెండేళ్లకే రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మాడు. చిన్నతనంలోనే చెవుడు వచ్చింది. 1862లో మౌంట్ క్లెమెన్స్ స్టేషనులో పట్టాల మీద ఆడుకుంటున్న స్టేషను మాస్టరు కొడుకును రైలు పెట్టె కింద పడకుండా లాగి కాపాడాడు. కృతజ్ఞతగా ఆ తండ్రి ఆయనకు టెలిగ్రాఫు పని నేర్పాడు. తీగలతో ఆయన స్నేహం అలా కుదిరింది.

1876లో మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టాడు. 1877లో ఫోనోగ్రాఫు, 1879లో ఎక్కువసేపు వెలిగే బల్బు వచ్చాయి. ఇవి అందరికీ తెలిసినవే.

అప్పటికి వీధుల్లో ఆర్క్ దీపాలు ఉండేవి. వాటిని దండలో పూల మాదిరిగా ఒకే తీగ మీద వరుసగా కలిపేవారు. ఇంటింటికీ చిన్న దీపం ఇచ్చేలా కరెంటును పంచడం కుదరదని పెద్దపెద్ద ఇంజనీర్లే తేల్చేశారు. ఎడిసన్ దీపాలను పక్కపక్కన, అంటే సమాంతరంగా కలిపాడు. ఒకటి ఆర్పితే మిగతావి వెలుగుతూనే ఉంటాయి. అయితే ఇంకో చిక్కు వచ్చింది. కడెం కాలువ కింద వ్యవసాయం చేసే వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. తూము దగ్గరి పొలానికి నీళ్లు పుష్కలంగా పారతాయి, చివరి ఆయకట్టుకు సన్నని ధార వస్తుంది. తీగలోనూ దూరం పోయేకొద్దీ వోల్టేజి తగ్గి చివరి దీపం గుడ్డిగా వెలుగుతుంది. తీగ లావు పెంచుదామంటే రాగి ఖరీదు కొండంత. దీనికి ఎడిసన్ 1880లో ఉపాయం కనిపెట్టాడు. పవర్ హౌసు నుంచి నడుమ ఎక్కడా ఇళ్లకు ఇవ్వకుండా కొన్ని తీగలను నేరుగా వీధి కూడళ్లలోని పెట్టెలకు తీసుకుపోయాడు. ఆ పెట్టెల నుంచి వీధి తీగలు, వీధి తీగల నుంచి ఇంటి తీగలు. ముందు తీగను ఫీడర్ అన్నారు. మన సబ్‌స్టేషన్లలో నేటికీ అదే మాట. దీనివల్ల రాగి ఖర్చు ఎనిమిదో వంతుకు దిగింది.

కాగితం మీద గీత గీసినంత తేలిక కాదు, తీగను భూమిలో పూడ్చడం. మెన్లో పార్కులో పూడ్చిన తీగలు తడికి కరెంటు కార్చాయి. వాటిని మళ్లీ తవ్వి తీసి, తారు, అవిసె నూనె వంటివి కాచి గుడ్డపట్టీలకు పట్టించి చుట్టారు. న్యూయార్కు కోసం ఇరవై అడుగుల ఇనుప గొట్టాల్లో రాగి కడ్డీలు పెట్టి, మధ్యలో తారు వంటి పదార్థం నింపారు. ఈ పని చూసినవాడు జాన్ క్రూసీ అనే స్విట్జర్లాండు మెకానిక్. ప్రతి రెండు గొట్టాల నడుమ ఒక పోత ఇనుప పెట్టె, అందులో వంగే రాగి ముక్కతో అతుకు. ఎండకు సాగినా చలికి ముడుచుకున్నా అతుకు ఊడకూడదు కదా! ఇంటికి కొమ్మ తీయాలంటే మూడు నోళ్ల పెట్టె. ఎడిసన్ కూడా ఆ రోజుల్లో గొట్టాల గుట్ట మీదే నడుం వాల్చేవాడు.

1882 సెప్టెంబరు 4న పెరల్ స్ట్రీట్ కేంద్రం నుంచి 110 వోల్టుల కరెంటు సుమారు 400 దీపాలకు పారింది. ఆ కేంద్రమూ బొగ్గుతోనే నడిచింది. కొద్ది రోజులకే నసావ్, ఆన్ వీధుల మూలన భూమిలో కరెంటు కారి, అటు వెళ్లిన గుర్రాలు ఎగిరిపడ్డాయి. తీగ నిడివంతా బాగున్నా లోపం తరచుగా అతుకు దగ్గరే ఉంటుంది. అది ఎడిసన్‌కు ముందే తెలుసు. కరెంటు ఎక్కువైతే కరిగి తెగిపోయే ఫ్యూజుకు 1880 మే 4నే పేటెంటు పొందాడు.

ఇప్పుడు మన బాయిలోకి దిగుదాం. పైనుంచి పెద్ద వోల్టేజి కేబులు కింది సబ్‌స్టేషనుకు వస్తుంది. అక్కడ 550 వోల్టులకు తగ్గి గేట్ ఎండ్ బాక్సుకు, దాని నుంచి ట్రెయిలింగ్ కేబులు ద్వారా యంత్రానికి వెళ్తుంది. చేతితో పట్టే డ్రిల్లుకు 125 వోల్టులే. బాయిలో మీథేన్ ఉంటుంది కాబట్టి ఇక్కడ అతుకులో నిప్పురవ్వ రేగితే దీపం ఆరడంతో పోదు, ప్రాణాలే పోతాయి. అందుకే ఆ పెట్టెను లోపల గ్యాసు అంటుకున్నా మంట బయటికి రాకుండా చేస్తారు. మూత అంచుల సన్నని సందులోంచి వచ్చేసరికి మంట చల్లబడిపోతుంది. బోల్టు ఒక్కటి వదులైనా ఆ రక్షణ పోయినట్టే. ప్లగ్గులో పైలట్ పిన్ను పొట్టిగా ఉంటుంది. ఎవరైనా ప్లగ్గు లాగితే అదే ముందు విడిపోయి కరెంటును కట్ చేస్తుంది, తర్వాతే మిగతా పిన్నులు బయటికి వస్తాయి. ఇవి ఎడిసన్ చేసినవి కావు, తర్వాతి ఇంజనీర్లవి. కానీ ఫీడరు, కూడలి పెట్టె, కొమ్మ, కాపలా అనే ఆ వరుస మాత్రం ఆయన వీధుల్లో మనకు కనిపించేదే.

ఎడిసన్‌ను దేవుణ్ణి చేయనక్కర లేదు. ఆయన డీసీ కరెంటు దూరం పోలేదు, ఏసీ పోయింది. ఒప్పుకోకుండా, ఏసీ ప్రాణాంతకమని చాటడానికి 1888లో తన ప్రయోగశాలలో మూగజీవాలను కరెంటుతో చంపే ప్రయోగాలకు చోటిచ్చాడు. ఇది మాకు నచ్చని అధ్యాయం. చివరకు ఏసీయే గెలిచింది. 1892లో కంపెనీలు కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయినప్పుడు ఆయన పేరు కూడా బోర్డు మీద మిగలలేదు.

హాస్టలు తమ్ముళ్లకు ఇంకొక పేరు కూడా చెప్పాలి. లూయిస్ లాటిమర్ తల్లిదండ్రులు బానిసత్వం నుంచి 1842లో పారిపోయి వచ్చినవారు. ఆయన ఒక పేటెంటు ఆఫీసులో కుర్రాడిగా చేరి, డ్రాయింగు సొంతంగా నేర్చుకుని, 1884లో ఎడిసన్ కంపెనీలో చేరాడు. బల్బులో కార్బను తీగను లోహపు తీగకు అతికే పద్ధతి మీద 1881లో మరొకరితో కలిసి పేటెంటు పొందినవాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన కనబడడు.

ముసలితనంలో ఎడిసన్ నికెల్-ఇనుము బ్యాటరీ తయారుచేశాడు. దానితో 1914లో గని కార్మికుడి టోపీ దీపం వచ్చింది. ల్యాంప్ రూంలో మన నాన్నలు తీసుకున్న దీపానికి అది తాత వంటిది.

1931 అక్టోబరు 18న ఎడిసన్ మరణించాడు. నివాళిగా అమెరికా అంతటా ఒక్క నిమిషం కరెంటు ఆపుదామన్న ఆలోచన వచ్చింది. కానీ అప్పటికే ఆసుపత్రులు, యంత్రాలు అన్నీ ఆ కొమ్మల మీదే వేలాడుతున్నాయి, ఆపితే ప్రమాదం. అందువల్ల అక్టోబరు 21 రాత్రి పది గంటలకు ఎవరి దీపం వారే ఆర్పుకోమని అధ్యక్షుడు హూవర్ కోరాడు.