పల్లెపల్లెకు బడి

బెంగళూరు నగరానికి ఆగ్నేయంగా బెళ్ళందూరు ఉంది. నేడక్కడ ఎత్తైన భవనాలు, కార్యాలయాలు కనిపిస్తాయి. నూరేళ్ళకు పూర్వం అది పెద్ద చెరువును నమ్ముకొని సేద్యం చేసుకొనే పల్లె. ఆనాటి మైసూరు సంస్థానంలో ఇటువంటి పల్లెలు వేలకొలది ఉండేవి. 1911 జనాభా లెక్కలనాటికి సంస్థానంలో చదవడం, రాయడం వచ్చినవారు నూటికి సుమారు ఆరుగురే. ఆ పల్లెలకు బడిని చేర్చడానికి పూనుకొన్న దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి తరలివచ్చిన తెలుగువారు. విశ్వేశ్వరయ్య 1860 సెప్టెంబరు 15న చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దేనహళ్ళిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకొన్నారు. 1881లో బి.ఎ. పూర్తిచేసి, మైసూరు ప్రభుత్వమిచ్చిన విద్యార్థి వేతనంతో పూనాలో ఇంజనీరింగు చదివారు. ఆ వేతనమే అందకపోతే ఆయన చదువు అంతటితో ఆగిపోయేదేమో!

మూసీ వరదల తరువాత హైదరాబాదులో ఆయన చేసిన సేవ, కావేరిపై కట్టిన కృష్ణరాజసాగరం సంగతి మీరు వినే ఉంటారు. ఆనకట్టలు కట్టిన ఆ చేతులే బడులనూ నిలబెట్టాయన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

1912లో ఆయన దివాను అయ్యారు. నిర్బంధ ప్రాథమిక విద్య కోసం గోపాలకృష్ణ గోఖలే తెచ్చిన బిల్లు బ్రిటిషు ఇండియా శాసనమండలిలో వీగిపోయినది కూడా ఆ ఏడాదే. మరుసటి సంవత్సరమే మైసూరులో ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది. ఎంపిక చేసిన ప్రాంతాలలో పిల్లలను బడికి పంపడం తప్పనిసరి అయింది.

అప్పటికి సంస్థానంలో ఉన్న బడులు సుమారు 4,500. ఆరేళ్ళలో కొత్తగా మరో 6,500 వెలిశాయి. లెక్క వేసి చూడండి. సగటున రోజుకు మూడు బడులు! విద్యార్థుల సంఖ్య 1,40,000 నుండి 3,66,000కు పెరిగింది. అంటే బడికి ముప్ఫైమూడు మంది. ఇవి పెద్ద పాఠశాలలు కావు. ఊరికి దగ్గరగా ఉండే చిన్న బడులు. బడికి ఒక్కరు చొప్పున అనుకొన్నా వేలమంది ఉపాధ్యాయులు కావాలి. వారికి నెలనెలా జీతం అందాలి. ఆపై 1914 నుండి ప్రపంచయుద్ధం. పొలం పనికి, పశువుల కాపరికి పిల్లలు అవసరమైన ఇళ్ళలో బడి అంటే ఒక కూలి పోవడమే. ఆనకట్టకు రాయి చాలు, బడికి తల్లిదండ్రుల మనసు కూడా కావాలి.

పై చదువులనూ ఆయన మరువలేదు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. విశ్వవిద్యాలయ నిర్మాణానికి తోడ్పడిన తెలుగువాడు కట్టమంచి రామలింగారెడ్డి. తరువాత ఆయన సంస్థాన విద్యాశాఖకు అధిపతి అయ్యారు.

అయితే బడులు పెరిగినా కొలువులు ఎక్కువగా ఒక వర్గం చేతిలోనే ఉండేవి. తమకూ వాటా కావాలని వెనుకబడిన వర్గాలవారు కోరారు. చదువు వ్యాపిస్తే ఆ తేడా తానే తొలగుతుందని విశ్వేశ్వరయ్య నమ్మకం. అంతవరకు వేచి ఉండమనడం న్యాయం కాదని వారి వాదం. వారి మాటలోనూ బలముంది. మహారాజు వారి కోరికను మన్నించదలచారు. అభిప్రాయభేదం వచ్చి 1918లో విశ్వేశ్వరయ్య పదవి వదలుకొన్నారు.

తరువాత భద్రావతి ఇనుప కర్మాగారాన్ని నడిపినందుకు తనకు రావలసిన సొమ్మును యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థకు ఇచ్చివేశారు. అది 1943లో బెంగళూరులో ప్రారంభమైంది. దానికి ఆయన పేరు పెట్టాలని ప్రభుత్వం తలచింది. ఆయన ఒప్పుకోక, జయచామరాజేంద్ర మహారాజు పేరు పెట్టించారు.