ట్రక్కు వెనుక కడ్డీకి హాలీవుడ్ హీరోయిన్ పేరు.. 1967లో ఆ రాత్రి లూసియానా హైవేపై ఏం జరిగింది?

అమెరికాలో పెద్ద ట్రక్కుల వెనుక, చక్రాల దగ్గర కిందికి దిగి ఒక అడ్డ కడ్డీ ఉంటుంది. చాలా వాటికి ఎరుపు, తెలుపు చారలు కూడా వేస్తారు. మన లారీల వెనుక బిగించే కడ్డీ లాంటిదే. అక్కడ దాన్ని మాన్స్‌ఫీల్డ్ బార్ అంటారు. అది కనిపెట్టిన ఇంజనీర్ పేరు అనుకుంటే పొరపాటే. 1950ల్లో హాలీవుడ్‌ను ఊపేసిన జేన్ మాన్స్‌ఫీల్డ్ పేరది.

ఆమె అసలు పేరు వెరా జేన్ పామర్. 1933 ఏప్రిల్ 19న పెన్సిల్వేనియాలో పుట్టింది. తండ్రి లాయర్. జేన్‌కు మూడేళ్లప్పుడు ఆయన భార్యాబిడ్డలతో కారులో వెళ్తూ, స్టీరింగ్ దగ్గరే గుండెపోటుతో కన్నుమూశాడు. తర్వాత తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని, కుటుంబం డల్లాస్‌కు మారింది. 1950లో పాల్ మాన్స్‌ఫీల్డ్‌తో జేన్ పెళ్లయింది. అదే ఏడాది కూతురు పుట్టింది. ఆ పెళ్లి నిలవలేదు కానీ ఇంటిపేరు మాత్రం ఉండిపోయింది.

1954లో సినిమా అవకాశాల కోసం లాస్ ఏంజెలెస్ చేరింది. మరుసటి ఏడాదే బ్రాడ్‌వే నాటకం 'విల్ సక్సెస్ స్పాయిల్ రాక్ హంటర్?'తో పేరొచ్చింది. 1956లో 'ది గర్ల్ కాంట్ హెల్ప్ ఇట్' సినిమా హిట్. ఆ మరుసటి ఏడాది గోల్డెన్ గ్లోబ్. అందరూ మరో మార్లిన్ మన్రో అన్నారు. వయోలిన్, పియానో రెండూ వాయించగలదు కానీ అది ఎవరికీ పట్టలేదు, గ్లామరే కావాలి. పబ్లిసిటీ ఎలా తెచ్చుకోవాలో ఆమెకూ బాగా తెలుసు. 1957లో ఓ విందులో సోఫియా లోరెన్ ఆమె వైపు ఓరగా చూస్తున్న ఫొటో ఇప్పటికీ సోషల్ మీడియాలో తిరుగుతూనే ఉంది. మిస్టర్ యూనివర్స్ మిక్కీ హర్గితేను పెళ్లాడింది. బంగ్లాకు గులాబీ రంగు వేయించి, హృదయం ఆకారంలో స్విమ్మింగ్ పూల్ కట్టించుకుంది.

1960ల్లో గాలి మారింది. 1962లో ఫాక్స్ స్టూడియో కాంట్రాక్టు పోయింది. ఇక నైట్‌క్లబ్ షోలే ఆధారం. ఊరి నుంచి ఊరికి రాత్రిళ్లు రోడ్డు ప్రయాణాలు మొదలయ్యాయి.

1967 జూన్ 28 రాత్రి మిస్సిసిపీలోని బిలాక్సీలో షో ముగిసింది. మర్నాడు న్యూ ఆర్లీన్స్‌లో టీవీ ఇంటర్వ్యూ. అర్ధరాత్రి దాటాక బ్యూక్ కారులో బయల్దేరారు. ముందు సీట్లో డ్రైవర్, ఆమె లాయర్, జేన్. వెనుక ముగ్గురు పిల్లలు నిద్రలో ఉన్నారు. లూసియానాలో యూఎస్ హైవే 90 చిత్తడి నేలల మధ్య సాగుతుంది, అక్కడ దోమలు ఎక్కువ. తెల్లవారుజామున దాదాపు 2.25 గంటలప్పుడు ఆ దారిలో ఫాగింగ్ బండి ఒకటి దోమల మందు పొగ వదులుతోంది. దాని వెనుక ట్రైలర్ ట్రక్కు నెమ్మదించింది. కారు నేరుగా ట్రక్కు వెనుక భాగంలోకి దూసుకెళ్లింది.

ఇక్కడే అసలు సమస్య. ట్రైలర్ అడుగు భాగం ఎత్తులో ఉంటుంది. దెబ్బను కాచుకోవాల్సిన కారు బానెట్ దాని కిందికి జారిపోతుంది. ట్రైలర్ అంచు నేరుగా అద్దానికి, అంటే మనుషుల తలల ఎత్తులో తగులుతుంది. ముందు కూర్చున్న ముగ్గురూ అక్కడికక్కడే చనిపోయారు. జేన్ వయసు 34. వెనుక సీట్లో పిల్లలు గాయాలతో బయటపడ్డారు. మూడేళ్ల మరిస్కా సీటు కింద ఇరుక్కుపోయింది. మిగతా పిల్లల్ని తీసుకెళ్తుంటే అన్న చెల్లెలు ఏదని అడిగాడు, అప్పుడు వెనక్కి వెళ్లి వెతికారు. 'లా అండ్ ఆర్డర్: ఎస్‌వీయూ'లో ఒలీవియా బెన్సన్ ఆ పాపే. 2025లో తల్లిపై 'మై మామ్ జేన్' డాక్యుమెంటరీ తీసింది.

జేన్ తల తెగిపోయిందన్న ప్రచారం మాత్రం అబద్ధం. తలకు తీవ్రమైన దెబ్బ తగిలి చనిపోయింది. ఫొటోల్లో కారు దగ్గర కనిపించింది విగ్గు అంటారు.

ఆమె చనిపోగానే అమెరికా చట్టం తెచ్చిందని చాలా చోట్ల రాస్తుంటారు. అంత తేలిగ్గా ఏం జరగలేదు. నిజానికి వెనుక కడ్డీ ఉండాలన్న రూల్ 1953 నుంచే ఉంది, కానీ నేల నుంచి 30 అంగుళాల ఎత్తు వరకు ఉండొచ్చు. కారు ముందు భాగం దూరిపోవడానికి ఆ సందు చాలు. ప్రమాదం తర్వాత గట్టి ప్రమాణాలు తేవాలని చూశారు. ఖర్చుకు తగ్గ లాభం లేదంటూ 1971లో పక్కన పెట్టేశారు. చివరికి 1996లో రూల్ ఖరారైంది. 1998 నుంచి తయారైన కొత్త ట్రైలర్లకు కడ్డీ నేల నుంచి 22 అంగుళాలు మించకూడదు. అంటే జేన్ పోయిన మూడు దశాబ్దాలకు అన్నమాట. గంటకు 35 మైళ్ల వేగంతో కారు ఢీకొట్టినా తట్టుకోవాలన్న నిబంధన 2022లో వచ్చింది. ట్రైలర్ పక్కల నుంచి కార్లు దూరకుండా ఆపే కడ్డీలను మాత్రం అమెరికా ఇంకా తప్పనిసరి చేయలేదు.