మత్స్యరక్షణకు నడుము కట్టిన వైద్యుడు: ఫ్రాన్సిస్ డే

పొలానికి గట్టు ఉన్నది. తోటకు కంచె ఉన్నది. నదిలో తిరిగే చేపకు మాత్రం గట్టూ లేదు, కంచే లేదు. పట్టినవానిదే చేప అనే న్యాయం అనాదిగా చెల్లుతూ వచ్చింది. మనుష్యులు కొద్దిమంది, వలలు కొద్దిపాటివి అయిన కాలంలో ఆ న్యాయం వల్ల పెద్ద హాని కలుగలేదు. జనం పెరిగి, నదులకు అడ్డంగా ఆనకట్టలు లేచి, రేవురేవునా వలలు దట్టమైన తరువాత చేపను పట్టడానికి కూడా ఒక కాలం, ఒక పద్ధతి, ఒక కట్టుబాటు ఉండాలని ఎవరో ఒకరు చెప్పవలసివచ్చింది. మన దేశపు మంచినీటి చేపల విషయంలో ఆ మాటను శాస్త్రాధారంతో, ఎడతెగని పట్టుదలతో చెప్పి, దాని ఫలితాన్ని కన్నులారా చూడకుండానే కన్నుమూసిన ఘనుడు డాక్టర్ ఫ్రాన్సిస్ డే.

డే 1829వ సంవత్సరం మార్చి 2వ తేదీన ఇంగ్లండులోని ససెక్స్ మండలంలో మేర్స్‌ఫీల్డ్ అనే గ్రామంలో, భూవసతి గల కుటుంబంలో జన్మించాడు. ష్రూస్‌బరీ పాఠశాలలో చదువుకొని, లండన్‌లోని సెయింట్ జార్జి వైద్యశాలలో వైద్యం అభ్యసించాడు. 1852లో ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యంలో అసిస్టెంటు సర్జనుగా చేరాడు. అదే సంవత్సరంలో మొదలైన రెండవ బర్మా యుద్ధంలో పనిచేశాడు. సైన్యంలోని వైద్యునికి చేపలతో పని ఏమిటని అడుగవచ్చు. ఆ కాలంలో కంపెనీ కొలువుకు వచ్చిన వైద్యులలో పలువురు ప్రకృతిశాస్త్రంలో కూడా కృషి చేసినవారే. ఒకరికి మొక్కలపై మక్కువ, మరొకరికి పక్షులపై మక్కువ. డే మనస్సు చేపలను పట్టుకొన్నది. కొచ్చిలో ఉద్యోగం చేసే రోజులలో ఆయన ఆ సంస్థానపు చరిత్రను వ్రాసి 1863లో ప్రకటించాడు. రెండేళ్లకే, 1865లో, మలబారు తీరపు మత్స్యాలను వర్ణిస్తూ మరొక గ్రంథాన్ని వెలువరించాడు. వైద్యం ఆయనకు వృత్తి. మత్స్యశాస్త్రం ఆయనకు తపస్సు.

ఆయన ఆలోచనలు అర్థం కావాలంటే ఆయన పుట్టిన దేశంలో చేపలవేటకు గల కట్టుబాట్లను కొంత తెలుసుకోవాలి. అక్కడి నదులలో సాల్మన్, ట్రౌట్ అనే చేపలు ప్రసిద్ధములు. సాల్మన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే కాలానికి తాను పుట్టిన నదికి తిరిగి వస్తుంది. ప్రవాహానికి ఎదురీది, పైభాగాన ఉన్న గులకరాళ్ల నడుమ చల్లని నీటిలో గుడ్లు పెడుతుంది. దారిలో అడ్డుకట్ట ఉంటే ఆ చేప పైకి పోలేదు. పైకి పోకపోతే తరువాతి తరం లేదు. నదులలో చేపలను పట్టే అడ్డుకట్టలను తొలగించాలనే షరతు 1215 నాటి మహాశాసనం మాగ్నా కార్టాలోనే కనబడుతుంది. 1861లో అక్కడి పార్లమెంటు సాల్మన్ చేపల రక్షణకై సమగ్రమైన చట్టం చేసింది. నీటిలో విషం కలపరాదు. దీపాలు చూపి, ఈటెలతో పొడిచి పట్టరాదు. చేపగుడ్లను ఎరగా వాడరాదు. వలకన్ను ముడికీ ముడికీ మధ్య రెండు అంగుళాలకు తగ్గరాదు. సెప్టెంబరు మొదలు ఫిబ్రవరి వరకు వలవేట నిషిద్ధం. గాలం వేసేవారికి మాత్రం మరికొంత గడువు. వేట సాగే కాలంలో కూడా ప్రతివారం శనివారం మధ్యాహ్నం నుండి సోమవారం ఉదయం వరకు వలలు ఎత్తివేయాలి. ఆ ఒకటిన్నర దినంలో కొన్ని చేపలైనా నిర్భయంగా ఎగువకు చేరుకోవాలన్నది శాసనకర్తల ఉద్దేశం. వినోదానికి గాలం పట్టే ధనికునికీ, పొట్టకూటికి వల వేసే పేదవానికీ కూడా ఆ నియమాలు వర్తించాయి.

ఆ చేపలలో ఒకదానిని మన గడ్డకు తేవాలని డే మొదట ఉబలాటపడ్డాడు. నీలగిరులలోని చల్లని సెలయేళ్లు ట్రౌట్‌కు తగినవని తలచి, 1860 ప్రాంతపు దశాబ్దంలో ఇంగ్లండు నుండి వాటిని తెప్పించడానికి ప్రయత్నించాడు. ఆ రోజులలోనే, 1864లో, ట్రౌట్ గుడ్లను నాచులో పొదిగి మంచులో ఉంచి నార్ఫోక్ అనే ఓడలో ఆస్ట్రేలియాకు చేర్చగా అవి టాస్మానియాలో పొదిగి పిల్లలైనాయి. డేకు మాత్రం ఆ భాగ్యం కలుగలేదు. నీలగిరులలో ట్రౌట్ నిలదొక్కుకొన్నది ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో, ఆయన గతించిన చాలా కాలానికి. అయితే ఈ వైఫల్యంతో ఆయన కృషి ఆగిపోలేదు. దూరదేశపు చేపను తేవడం కన్న ఈ దేశంలో ఉన్న చేపను నిలుపుకోవడం ముఖ్యమనే సమస్య త్వరలోనే ఆయన ముందుకు వచ్చింది.

ఆ సమస్యను లేవనెత్తినవారిలో ప్రముఖుడు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరే కావడం తెలుగువారు గమనింపదగిన విశేషం. 1847లో ప్రారంభమైన గోదావరి ఆనకట్ట 1852లో పూర్తి అయింది. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పడింది. క్షామంతో అలమటించిన డెల్టా ప్రాంతాలు అన్నపూర్ణలైనాయి. ఐతే నదికి అడ్డంగా లేచిన ఈ కట్టడాలు చేపలకు హాని చేస్తున్నవేమో విచారించాలని 1867లో సర్ ఆర్థర్ కాటన్ ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు. తాను చేసిన మహోపకారంలో దాగిన అపకారాన్ని తానే వెదకి చూపడం గొప్ప మనస్సుకు లక్షణం. ఆ విచారణ భారం మద్రాసు రాజధానిలో ఫ్రాన్సిస్ డే భుజాలపై పడింది.

మన గోదావరికి పులస ఎటువంటిదో ఇంగ్లండు నదులకు సాల్మన్ అటువంటిది. పులస కూడా సముద్రంలో పెరిగి, వరదల కాలంలో గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కే చేపయే. ఎదురెక్కి వచ్చిన చేప ఆనకట్ట దిగువన గుమిగూడుతుంది. అక్కడే వలలు కాచుకొని ఉంటవి. బొచ్చె, రవ్వ వంటి చేపలు సముద్రానికి పోకపోయినా, తొలకరి వానలకు వాగులు పొంగగానే గుడ్లతో నిండి పల్లపు నీళ్లలోకి, పొలాలలోకి ఎగబ్రాకుతవి. ఆ దారిలో ఊతలు, తడికలు, చిన్నకన్నుల వలలు అడ్డుపడతవి. గుడ్లు పెట్టడానికి పోయే తల్లులు ఒకవైపు, పొదిగి తిరిగి నదికి దిగే పిల్లలు మరొకవైపు చిక్కుకుంటున్నారని డే గ్రహించాడు. వేసవిలో మడుగులను తోడివేయడం, కాకమారి గింజల వంటి విషపదార్థాలు నీటిలో కలపడం కూడా ఆయన దృష్టికి వచ్చాయి.

మద్రాసు రాజధానిలో మొదలైన విచారణ ఒరిస్సా, వంగదేశం, బర్మా వరకు విస్తరించింది. 1871లో ప్రభుత్వం ఆయనను భారతదేశపు మత్స్యశాఖకు ఇనస్పెక్టరు జనరలుగా నియమించింది. ఆయన ఊరూరా తిరిగి చూచినది చాలదని, కలెక్టర్లకు, తాశీల్దార్లకు ప్రశ్నలు పంపి సమాధానాలు తెప్పించాడు. ఆ ప్రాంతంలో ఏ వలలు వాడుతున్నారు, వాటి కన్నులు ఎంత సన్ననివి, చేపలు పూర్వం కన్న పెరిగినవా తరిగినవా, బజారులో చేప చాలినంత దొరుకుతున్నదా అని అడిగాడు. ఇవన్నీ చేర్చి 1873లో కలకత్తాలో పెద్ద నివేదిక ప్రకటించాడు. ఆయన కోరిన నియమాలు స్థూలంగా ఐదు: వలకన్నుకు కనీసపు కొలత ఏర్పరచడం, వాగులలో స్థిరంగా పాతే ఉచ్చులను నిషేధించడం, విషప్రయోగాన్ని శిక్షార్హం చేయడం, పొదిగే కాలంలో తల్లిచేపలను, పిల్లలను కాపాడడం, ఆనకట్టలలో చేపలు పైకి పోవడానికి దారులు అమర్చడం.

అదే 1873లో మద్రాసు సివిల్ ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ భారతదేశంలో గాలపువేటను గూర్చి ఒక పుస్తకం ప్రకటించాడు. మహసీర్ వంటి బలిష్ఠమైన చేపను గాలంతో పట్టడంలోని ఆనందాన్ని అది దొరలకు పరిచయం చేసింది. థామస్ కూడా చేపల రక్షణను కోరినవాడే. కాని డే వాదానికి ఆధారం వినోదం కాదు, ఆహారం. పప్పు, నెయ్యి కొనలేని పేదవానికి దొరికే పుష్టికరమైన ఆహారం చేప. అది తరిగితే ముందుగా నష్టపోయేది అతడే అని ఆయన వాదించాడు.

ఆ పేదవాని పేరు చెప్పే ఆయన ప్రతిపాదనలకు అడ్డు చెప్పారు. చిన్న చేపలను పట్టుకొని బ్రతికే బడుగుల నోటికాడి కూడు తీసినట్లవుతుందనీ, వలకన్ను కొలిచే అధికారం చిల్లర ఉద్యోగుల చేతికి ఇస్తే అది లంచాలకు త్రోవ తీస్తుందనీ ప్రభుత్వోద్యోగులు పలువురు అభిప్రాయపడ్డారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. మన నీళ్లలో ఎంత పెరిగినా వేలెడే ఉండే చేపజాతులు ఎన్నో ఉన్నవి. పెద్ద కన్నుల వలకు అవి ఎన్నటికీ చిక్కవు. చలికాలంలో గులకరాళ్లపై గుడ్లు పెట్టే సాల్మన్‌కు చేసిన నియమాన్ని, వర్షాకాలంలో వరదనీటిలో గుడ్లు పెట్టే బొచ్చెకు యథాతథంగా అంటగట్టరాదు. ఐనను డే చెప్పిన మూలసూత్రం చెక్కుచెదరలేదు: ప్రతి చేపకూ జన్మలో ఒక్కసారియైనా గుడ్లు పెట్టే అవకాశం ఇవ్వాలి. మిగిలిన నియమాలన్నీ ఈ ఒక్క సూత్రానికి వ్యాఖ్యానాలు. ఉభయపక్షాల తర్కం నడుమ ప్రభుత్వం చట్టం చేయకుండా కాలం గడిపింది.

చట్టం రాకపోయినా ఆయన పాండిత్యం వృథా కాలేదు. 1875 నుండి 1878 వరకు భాగాలుగా వెలువడిన ఆయన మహాగ్రంథం, భారతదేశపు మత్స్యాలకు చిత్రపటాలతో కూడిన నిఘంటువు వంటిది. అందులో జాతుల శాస్త్రీయ నామాలతోపాటు తెలుగు మొదలైన దేశభాషలలోని పేర్లను కూడా చేర్చాడు. ఇందులో ఆయనకు మార్గదర్శి ఉన్నాడు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను స్థానిక నామాలతో వర్ణించి పాట్రిక్ రస్సెల్ అనే మరొక వైద్యుడు 1803లోనే గ్రంథం ప్రకటించాడు. మన జాలరులు పిలిచే వాలుగ అనే పేరే శాస్త్రంలో వాలగో అనే ప్రజాతినామమై ప్రపంచమంతటా వ్యవహరింపబడుతున్నది. పల్లెకారుల నోటిమాట పండితుల గ్రంథాలకు ఎక్కడం మన భాషకు గౌరవమే కదా.

1877లో ఉద్యోగం విరమించి డే స్వదేశం చేరి చెల్టనం పట్టణంలో స్థిరపడ్డాడు. 1880 నుండి 1884 వరకు బ్రిటిషు ద్వీపాల చేపలపై గ్రంథం వెలువరించాడు. 1883లో లండనులో జరిగిన అంతర్జాతీయ మత్స్యప్రదర్శనలో భారతదేశపు విభాగాన్ని నిర్వహించాడు. స్కాట్లండులోని హోవీటౌన్ మత్స్యక్షేత్రంలో జరిగిన ప్రయోగాలను ఆధారం చేసుకొని సాల్మన్, ట్రౌట్ జాతులపై 1887లో మరొక గ్రంథం వ్రాశాడు. బ్రిటన్‌లోని ట్రౌట్‌లు వేరువేరు జాతులు కావనీ, నీటిని, నేలను బట్టి రంగు, ఆకారం మారిన ఒకే జాతి అనీ ఆయన నిర్ణయించాడు. బ్రిటిషు మ్యూజియంలోని మహాపండితుడు ఆల్బర్ట్ గుంథర్ ఇందుకు భిన్నమైన మతం కలవాడు. ఇరువురికీ సరిపడలేదు. ఏళ్ల తరబడి కూడబెట్టిన భారతీయ మత్స్యసంచయంలో పెద్ద భాగాన్ని డే 1883లో సిడ్నీలోని ఆస్ట్రేలియా మ్యూజియానికి అమ్మివేశాడు. ఈ విధంగా మన నదులలో ఈదిన చేపలు దక్షిణసముద్రాల ఆవల గాజుసీసాలలో భద్రపడినవి. 1889లో, బ్రిటిషు ఇండియా జంతుసంపద గ్రంథమాలలో 1,418 మత్స్యజాతులను వర్ణించే రెండు సంపుటాలను ప్రకటించిన సంవత్సరంలోనే, జూలై 10వ తేదీన ఆయన పరమపదించాడు. అప్పటికి ఆయనకు అరవై ఏండ్లు.

ఆయన కోరిన చట్టం మరి ఎనిమిది సంవత్సరాలకు వచ్చింది. 1897లో భారత మత్స్య చట్టం వెలువడింది. చేపలను పట్టడానికి గాని చంపడానికి గాని నీటిలో డైనమైటు మొదలైన ప్రేలుడు పదార్థాలు ప్రయోగించినా, విషం కలిపినా రెండు నెలల వరకు ఖైదు గాని, రెండు వందల రూపాయల వరకు జుల్మానా గాని విధించవచ్చునని అది శాసించింది. స్థిరమైన ఉచ్చులను, అడ్డుకట్టలను, వలల కొలతలను గూర్చి నియమాలు చేసుకొనే అధికారం స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. నిర్ణీతమైన నీటిలో రెండేళ్ల వరకు వేటను పూర్తిగా నిలిపే అధికారం కూడా ఇచ్చింది. అందరికీ ఒకే కొలత విధించక, ఆయా నదిని బట్టి నియమం ఏర్పరచుకొమ్మనడంలో డే వాదానికీ, ఆయన ప్రత్యర్థుల వాదానికీ సమన్వయం కనబడుతుంది. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యంత్రపు పడవల సముద్రపు వేటను నిలిపివేసే నేటి నియమం కూడా ఆ ఆలోచనకు చెందినదే.

కొత్తగూడెం ప్రాంతానికి ఈ చరిత్ర దూరమైనది కాదు. డే నదుల వెంట తిరుగుతున్న 1871 ప్రాంతంలోనే డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. ఆ బొగ్గే సింగరేణి గనులకు మూలమైంది. గనిలో ఒక షాట్ పేల్చాలంటే ఎన్ని నియమాలు పాటించాలో గనికార్మికుల బిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. అదే మందును మడుగులో పేల్చితే జరిగేది వేట కాదు, వినాశం. గుడ్డు, పిల్ల, తల్లి అనే భేదం లేకుండా సమస్తం నశిస్తుంది. చచ్చినవానిలో కొన్ని అడుగుకు మునిగిపోగా, పేల్చినవానికి దక్కేది కొంత మాత్రమే. ముర్రేడు వాగు కిన్నెరసానిలో, కిన్నెరసాని గోదావరిలో కలుస్తున్నవి. ఒక మడుగులో చేసిన చెరుపు ఆ మడుగుతోనే ఆగదు.

ట్రౌట్ మన ఎండలకు నిలువదు. సాల్మన్ మన సముద్రానికి రాదు. వాటి కోసం పుట్టిన కట్టుబాటు మాత్రం మన బొచ్చెకూ, వాలుగకూ, పులసకూ సరిపోతుంది. తొలకరిలో మత్తడి ఎక్కే తల్లిచేపను చూచి, నేటికి దీనిని పోనిద్దామని ఒక జాలరి చేయి వెనుకకు తీసిన చోటనే డే కోరిన చట్టం అమలవుతుంది. ఆ విచక్షణను బడిలోనే నేర్పగలిగితే, వలకన్ను కొలిచే ఉద్యోగికి పని తక్కువవుతుంది.