కరదీపిక వెలిగించిన ఉద్యోగి

పఠనం, పారాయణం, స్వాధ్యాయం అనే మూడు మాటలు మన సంప్రదాయంలో ఉన్నాయి. మూడింటికీ గ్రంథమే ఆధారమైనా, స్వాధ్యాయంలో మాత్రం గ్రంథం చదువరిని నిలదీస్తుంది. చదివినది నడవడిలోకి దిగిందా అని అడుగుతుంది. ఈ సూక్ష్మాన్ని వేరొక మతంలో, వేరొక ఖండంలో ఒక సామాన్య ప్రభుత్వోద్యోగి గ్రహించి ఆచరణలో పెట్టారు. ఆయనే ఐర్లండుకు చెందిన ఫ్రాంక్ డఫ్.

1889 జూన్ 7న డబ్లిన్ నగరంలో ఒక కాథలిక్ కుటుంబంలో డఫ్ జన్మించారు. చదువులో చురుకైనవారే గానీ తండ్రి అనారోగ్యం వల్ల ఉన్నతవిద్యకు వెళ్ళలేక 1908లో ప్రభుత్వ కొలువులో చేరారు. 1913లో విన్సెంట్ డి పాల్ సొసైటీ అనే సేవాసంఘంలో సభ్యులై, పేదల ఇరుకు గదులకు వెళ్ళిరావడం మొదలుపెట్టారు. లూయీ ద మోంఫోర్ అనే ఫ్రెంచి సాధువు మరియమాత భక్తిని గురించి రచించిన గ్రంథం ఆ కాలంలోనే ఆయన చేతికి వచ్చింది. తొలి పఠనంలో అంతా అతిశయోక్తిగా తోచింది. మిత్రుని ప్రోద్బలంతో మళ్ళీ చదివారు, మరల మరల చదివారు. అనేక పఠనాల తరువాత గాని ఆ గ్రంథసారం ఆయన హృదయానికి అందలేదు. తొలి పఠనంతోనే దానిని వదిలివేసి ఉంటే తరువాతి కథ ఉండేది కాదు.

1921 సెప్టెంబర్ 7 సాయంత్రం ఫ్రాన్సిస్ వీధిలోని మైరా హౌస్‌లో కొద్దిమంది భక్తులు సమావేశమయ్యారు. వారిలో అధికులు యువతులు. ముందుగా వచ్చిన ఒకరు బల్లపై తెల్లని వస్త్రం పరచి, మరియమాత ప్రతిమను నిలిపి, పూలూ కొవ్వొత్తులూ అమర్చారు. అందరూ జపమాలతో ప్రార్థించి, పేదల ఆసుపత్రిలోని రోగులను ఇద్దరిద్దరుగా వెళ్ళి పలకరించాలని నిశ్చయించుకున్నారు. ఆ చిన్న బృందమే 1925లో లీజియన్ ఆఫ్ మేరీ, అనగా మరియమాత సేన అన్న పేరు ధరించింది. పురోహితులు కాని సామాన్య భక్తులే దాని బలం.

సేవ అంటే ఆసుపత్రి పలకరింపులతో ఆగలేదు. డబ్లిన్‌లోని మాంటో అనే వేశ్యావాటికలోకి డఫ్, ఆయన సహచరులు అడుగుపెట్టారు. బయటికి రాదలచిన స్త్రీలకు 1922లో ఆశ్రయగృహం ఏర్పరచారు. 1930లో నెలకొల్పిన రెజీనా చేలీ గృహంలో అవివాహిత తల్లులు తమ బిడ్డలను తమవద్దనే పెంచుకోవచ్చు. అటువంటి తల్లీబిడ్డలను వేరుచేయడమే అక్కడి సంస్థలలో రివాజుగా ఉన్న రోజులవి! పతితులన్న ముద్ర పడినవారి ముందు వినయంతో నిలవడానికి ఎంత మనోనిబ్బరం కావాలో ఊహించవచ్చు.

ఆ నిబ్బరం ఎక్కడినుంచి వస్తుంది? ఉత్సాహం నాలుగు వారాలలో చల్లారుతుందని డఫ్‌కు తెలుసు. అందుకే 1928లో సంఘానికి ఒక కరదీపికను సమకూర్చి, తరువాతి దశాబ్దాలలో పలుమార్లు విస్తరించారు. సంఘవిభాగాలకు ప్రాచీన రోమను సైన్యపు పేర్లు పెట్టడం మన చెవికి కొంత కరకుగానే వినిపిస్తుంది. మతవ్యాప్తి లక్ష్యం కూడా అందులో ఉన్నది. అది వారి మార్గం. గ్రంథమూ తేలిక కాదు, వాక్యాలు బరువైనవి. అయినా దాని ఏర్పాటు గమనింపదగినది. సభ్యులు ప్రతివారమూ కలిసి ప్రార్థించాలి. అప్పగించిన సేవ చేసి, చేసినదీ చేయలేనిదీ అందరి ఎదుటా నివేదించాలి. ఇంటింటికీ వెళ్ళినా ధనసహాయం చేయరాదు, స్నేహాన్నే ఇవ్వాలి. విన్న రహస్యాలను బయట పలుకరాదు. ఎదుటి మనిషిలో క్రీస్తునే దర్శించాలి. నరునిలో నారాయణుని చూడడం నేర్చిన మన ఇళ్ళకు ఈ చివరి నియమం పరాయిది కాదు.

ఆ కరదీపికను ఒకసారి చదివి అలమరలో పెట్టడానికి వీలులేదు. పదేపదే చదవడం, లోతుగా అధ్యయనం చేయడం సభ్యుని కర్తవ్యాలలో ఒకటి. సోమవారం చదివిన అధ్యాయం గురువారం ఒక రోగి మంచం పక్కన పరీక్షకు వస్తుంది. అక్కడ తడబడినవాడు తిరిగి ఆ పుటలనే తెరుస్తాడు. ఇంట పారాయణం ముగించి మంగళహారతి ఇచ్చాక గ్రంథాన్ని పట్టువస్త్రంలో చుట్టివేసే మనకు ఈ తిరిగి తెరవడం కొంత ఆలోచన పుట్టించక మానదు. ఈ శిక్షణలో తయారైన ఈడెల్ క్విన్ అనే యువతి, క్షయవ్యాధి పీడిస్తున్నా 1936లో తూర్పు ఆఫ్రికాకు వెళ్ళి ఊరూరా సంఘాలు స్థాపించి, 1944లో 36 ఏళ్ళకే నైరోబీలో కన్నుమూశారు.

డఫ్‌కు దారి సుగమం కాలేదు. పురోహితుడు కాని మనిషి ఇంత చేయడమేమిటన్న సందేహంతో డబ్లిన్ ఆర్చిబిషప్పు చాలాకాలం ఆయనను దూరంగానే ఉంచారు. డఫ్ ధిక్కరించలేదు, పని మానలేదు. 1931లో రోములో పోపు పదకొండవ పయస్ దర్శనం లభించింది. 1934లో ఉద్యోగం విడిచి పూర్తికాలం సంఘానికే అంకితమయ్యారు. అవివాహితులుగానే ఉండి, వృద్ధాప్యంలోనూ సైకిలుపైనే తిరిగేవారు. 1965లో రెండవ వాటికన్ మహాసభకు పరిశీలకునిగా ఆహ్వానితులైనప్పుడు, ప్రపంచ దేశాల బిషప్పులు కరతాళధ్వనులతో ఆయనను గౌరవించారు.

1980 నవంబర్ 7న, 91వ ఏట, డబ్లిన్‌లోనే డఫ్ తనువు చాలించారు. పునీతునిగా ప్రకటించే ప్రక్రియను 1996లో ఆరంభించారు. అనేక భాషలలోకి వెళ్ళిన ఆ కరదీపికను సభ్యులు నేటికీ వారం వారం, తెల్లని వస్త్రం పరచిన బల్ల చుట్టూ కూర్చుని చదువుకుంటున్నారు.