నీలికాంతి బయటపెట్టిన లోపం: లీ డి ఫారెస్ట్

అమెరికాలోని అయోవాలో 1873లో జన్మించిన లీ డి ఫారెస్ట్, 1906లో గాజుబుడ్డిలోని ఫిలమెంటుకూ ప్లేటుకూ నడుమ గ్రిడ్‌ను అమర్చి ఆడియాన్‌ను రూపొందించారు. బలహీన సంకేతాన్ని పెద్దది చేయగల సాధనమది. విచిత్రమేమంటే, దాని పనితీరు ఆయనకే పూర్తిగా బోధపడలేదు. బుడ్డిలో కొంత వాయువు మిగలాలని నమ్మారు. 1912లో ఏటీ అండ్ టీ నిపుణులు పరీక్షించినప్పుడు, వోల్టేజి పెంచితే లోపల నీలికాంతి కమ్మి మాట చెదిరిపోయింది. మిగిలిన వాయువు అయనీకరణం చెందడమే కారణమని, దాన్ని పూర్తిగా తోడేయాలని హెరాల్డ్ ఆర్నాల్డ్ గ్రహించారు. 1913లో ఆ సంస్థ 50,000 డాలర్లకు టెలిఫోన్ హక్కులు కొన్నది. అదే ఏడాది మదుపరులను మోసగించారన్న అభియోగంపై డి ఫారెస్ట్ న్యాయస్థానంలో నిలబడ్డారు. ఆడియాన్ పనికిరాని వస్తువన్నది ప్రాసిక్యూషన్ వాదన. ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. 1915లో న్యూయార్క్ మాట శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరింది ఆ శూన్యనాళికల బలంతోనే. 1961లో ఆయన హాలీవుడ్‌లో కన్నుమూశారు.