రెండు పేర్ల రచయిత్రి

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో మళ్లీ పెట్టెలు సర్దడం మొదలవుతుంది. కొత్త ఊరు, కొత్త బడి, కొత్త భాష. మొదటిరోజు తరగతిలో అందరూ అడిగే ప్రశ్న మాత్రం పాతదే: మీది ఏ ఊరు? ఈ ప్రశ్న జీవితమంతా వెంటాడిన ఒక రచయిత్రి ఉన్నారు. ఆమె బ్రెజిల్ దేశపు గొప్ప నవలాకారుల్లో ఒకరైన క్లారిస్ లిస్పెక్టర్.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఉక్రెయిన్‌లో యూదుల ఇళ్లపై దాడులు జరిగాయి. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. లిస్పెక్టర్ కుటుంబం ఉన్నదంతా వదులుకుని ఇద్దరు ఆడపిల్లలతో బయలుదేరింది. ఆ ప్రయాణం మధ్యలో, 1920 డిసెంబరు 10న, చెచెల్నిక్ అనే చిన్న ఊరిలో మూడో అమ్మాయి పుట్టింది. ఆమెకు హాయా అని పేరు పెట్టారు. హీబ్రూ భాషలో ఆ మాటకు జీవం అని అర్థం.

1922లో వారు బ్రెజిల్‌లోని మసెయో రేవు పట్టణం చేరుకున్నారు. కొత్త దేశంలో కొత్త పేర్లు పెట్టుకున్నారు. తండ్రి పింకాస్ పెద్రో అయ్యారు. హాయా క్లారిస్ అయింది. కొన్నేళ్లకు కుటుంబం రెసీఫె నగరానికి మారింది. తండ్రి వీధుల్లో తిరిగి సరుకులు అమ్మేవారు. ఇంట్లో యిడ్డిష్, వీధిలో పోర్చుగీసు, యూదుల బడిలో హీబ్రూ. ఇలా మూడు భాషల మధ్య ఆ అమ్మాయి పెరిగింది.

తల్లి పక్షవాతంతో మంచం పట్టారు. ఏదో ఒక అద్భుతం జరిగి అమ్మ లేచి తిరిగేటట్లు చిన్నారి క్లారిస్ కథలు అల్లుకునేది. ఏ కథా అమ్మను కాపాడలేదు. 1930లో, క్లారిస్‌కు తొమ్మిదేళ్ల వయసులో, తల్లి కన్నుమూశారు. కథ ఎంత చేయగలదో, ఎక్కడ ఓడిపోతుందో ఆమెకు అంత చిన్న వయసులోనే తెలిసింది. పత్రికలోని పిల్లల పేజీకి కథలు పంపితే అచ్చు కాలేదు. మిగతా పిల్లలు జరిగిన సంగతులు రాస్తే, ఈమె మనసులో కలిగిన అనుభూతులు రాసేది.

1935లో కుటుంబం రియో డి జనీరో చేరింది. క్లారిస్ న్యాయశాస్త్రం చదువుతూ పత్రికల్లో పనిచేశారు. పోర్చుగీసులోనే ఆలోచించి, పోర్చుగీసులోనే రాసినా, కాగితాల మీద ఆమె ఇంకా పరదేశీయే. పౌరసత్వం కోసం దేశాధ్యక్షుడికే ఉత్తరం రాశారు. 1943లో పౌరసత్వం వచ్చింది. అదే ఏడాది చివర మొదటి నవల వెలువడి గొప్ప పేరు తెచ్చింది. అప్పటికి ఆమె వయసు 23.

దౌత్యవేత్తను పెళ్లి చేసుకోవడంతో మళ్లీ బదిలీలు మొదలయ్యాయి. ఇటలీలోని నేపుల్స్, స్విట్జర్లాండ్‌లోని బెర్న్, ఇంగ్లండ్, తరువాత వాషింగ్టన్. నేపుల్స్‌లో గాయపడిన బ్రెజిల్ సైనికులకు సేవ చేశారు. బెర్న్‌లో ఒంటరితనంతో బాధపడ్డారు. ఎక్కడ ఉన్నా రాయడం మాత్రం మానలేదు. 1959లో ఇద్దరు కొడుకులతో రియోకు తిరిగి వచ్చేశారు.

అక్క ఎలిసా కూడా రచయిత్రే. తమ కుటుంబం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయిన సంగతిని ఆమె 1948లో వచ్చిన నవలలో చెప్పారు. క్లారిస్ ఆ దారి పట్టలేదు. ఆమె కథల్లో యూదుల పండుగలు, ఆచారాలు దాదాపు కనిపించవు. అయినా ఆ వారసత్వం లోపల ప్రవహిస్తూనే ఉంటుంది. 1964లో వచ్చిన నవలలో ఒక స్త్రీ తన ఇంట్లో బొద్దింకను చూసి, ధర్మగ్రంథం అపవిత్రమన్న జీవుల గురించి, దేవుడి గురించి ఆలోచనలో పడుతుంది. మాటలకు అందనిదాన్ని మాటలతోనే వెతకడం ఆమె రచనల ప్రాణం.

1966లో ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆమె కుడిచేయి బాగా కాలిపోయింది. ఆ తరువాత కూడా నవలలు, పత్రికా శీర్షికలు, పిల్లల పుస్తకాలు రాశారు. 1977లో, ఆమె బతికుండగా అచ్చయిన చివరి నవల వచ్చింది. అందులో ఈశాన్య ప్రాంతం నుంచి రియోకు వచ్చిన మకబేయా అనే పేద టైపిస్టు అమ్మాయి ఉంటుంది. ఆమెను ఎవరూ పట్టించుకోరు. ఆమె సొంత రాష్ట్రం అలగోవాస్. మసెయో దాని రాజధానే. లిస్పెక్టర్ కుటుంబం ఓడ దిగింది అక్కడే. ఆ అమ్మాయి పేరు వినగానే తమ మతం కోసం పరాయి రాజుతో పోరాడిన మక్కబీలనే ప్రాచీన యూదు వీరులు గుర్తుకొస్తారు. దిక్కులేని పిల్లకు వీరుల పేరు పెట్టడంలో క్లారిస్ తన రెండు ప్రపంచాలనూ కలిపారు.

అదే ఏడాది డిసెంబరు 9న, 57వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, క్యాన్సర్‌తో ఆమె మరణించారు. మర్నాడు యూదులకు విశ్రాంతి దినమైన శనివారం. అందుకని ఆదివారం రియోలోని యూదుల శ్మశానంలో సమాధి చేశారు. పుస్తకాల మీద ఎన్నడూ కనిపించని పేరు ఆ రాతి మీద హీబ్రూ అక్షరాల్లో ఉంది: పింకాస్ కూతురు హాయా.